గోడ మీది గొంతు

ఆదివారం పొద్దున భాగ్య ఉప్మాకు రవ్వ వేయిస్తుంటే ముందుగదిలో గోడ మాట్లాడింది.

"సృజనా, నడుము సక్కగ పెట్టు. నోట్లకెల్లి పెన్సిల్ తియ్యి."

ఆ ఇంట్లో ఇది కొత్తేమీ కాదు. సృజన చదువుకునే టేబుల్‌కు పైన, గోడ మూలన కోడిగుడ్డంత కెమెరా ఒకటుంది. మెదక్ బస్టాండు దగ్గర బోరు మోటార్ల దుకాణంలో కూర్చుని, పరశురాం తన ఫోన్లో కూతుర్ని చూస్తుంటాడు. ఏదైనా చెప్పాలనిపిస్తే ఆ కెమెరాలోంచే చెబుతాడు. దుకాణానికి కెమెరాలు పెట్టించినప్పుడు ఒకటి మిగిలింది. మిగిలిన వస్తువును ఊరికే పడెయ్యడం ఆయన వంశంలో లేదు. సరిగ్గా అప్పుడే ఆరో తరగతి చదివే సృజనకు లెక్కల్లో మార్కులు తగ్గాయి. రెండూ కలిసొచ్చాయి.

ఇంట్లో ఎవరి పద్ధతిలో వాళ్లు కెమెరాకు అలవాటుపడ్డారు. అత్తగారు బాలలక్ష్మి దాని ముందునుంచి నడవాల్సి వస్తే నెత్తిమీద కొంగు కప్పుకుంటుంది. "కన్నకొడుకు ముందు కొంగెందుకత్తమ్మా?" అని భాగ్య అడిగితే, "వాని పక్కన ఎవడు కూసొని చూస్తున్నడో నాకేమెర్క?" అంది. భాగ్య బీకాం చదివింది కాబట్టి ఇంకాస్త శాస్త్రీయంగా ఆలోచించింది. బట్టలారేసే తాడును వాన పేరు చెప్పి ముందుగదిలోకి మార్చి, భర్త లుంగీని సరిగ్గా కెమెరాకు అడ్డంగా ఆరేసేది. లుంగీ ఆరేదాకా ఇంటికి స్వాతంత్య్రం. ఆ తర్వాత ఇంకా తియ్యలేదేమని ఎటూ ఫోనొచ్చేది.

సృజనకు మాత్రం అలాంటి ఉపాయాలేవీ తెలియవు. టేబుల్ ముందు పాస్‌పోర్టు ఫొటో దిగుతున్నట్టు కూర్చునేది.

ఉప్మా పళ్లేల్లోకి రాకముందే పరశురాం బండి వాకిట్లో ఆగింది. గిరాకీ వేళ దుకాణం వదిలి ఆయన ఇంటికొచ్చాడంటే ఏదో అయినట్టే. చెప్పులు కూడా విప్పకుండా ఫోన్ భాగ్య ముందు పెట్టాడు.

"స్కూల్ గ్రూపుల మార్కులు పెట్టిండ్రు. లెక్కలల్ల ఆరు. ఇరవై అయిదుకు ఆరు! పోయినసారి తొమ్మిదన్న ఉండె. కెమెరా పెట్టినంక ఆరు."

"కెమెరాకు ఎన్నొచ్చినయో మరి?" అంది భాగ్య.

"నవ్వులాట గాదు భాగ్యా. గిరాకి ముందల నిలబడ్డా నా కండ్లు బిడ్డ మీదనే ఉంటున్నయి. ఇంకేం జెయ్యాలె నేను?"

"అదే చెప్తున్న వినుండ్రి. మీరు చూస్తున్నరని దానికి వణుకు. తప్పు రాస్తే మీకు కనబడ్తదని అసలు రాసుడే బంద్ వెట్టింది. కాగితానికి తగలకుండ పెన్సిల్ ఆడిస్తది. నేను కండ్లార చూసిన. మీకేమో ఫోన్ల రాస్తున్నట్టే కనబడ్తది."

టేబుల్ దగ్గర సృజన తల ఎత్తలేదు, కానీ పెన్సిల్ ఆగిపోయింది.

"అయితే నేను చూసుడే తప్పా?" అన్నాడు పరశురాం. ఈసారి గొంతులో కోపం తక్కువైంది. "నన్నెవ్వడు చూసిండు భాగ్యా? మా నాయినకు నేను ఏ క్లాసో ఎర్కలే. టెన్త్ ఫెయిలైన సంగతి ఆయనకు బయటోళ్లు చెప్పిండ్రు. 'అట్లనా' అని బీడి ముట్టిచ్చుకున్నడు. తిట్టలే, కొట్టలే. ఒక్క దెబ్బ కొట్టినా బాగుండు అనిపిచ్చింది ఆనాడు. నా బిడ్డకు గట్ల కావద్దనే గద నేను..."

బాలలక్ష్మి మంచం మీదినుంచి, "నిజమే కొడుకా. ఆయన నీ దిక్కు చూసిందే లేదు. నేనన్న అడగకపోతి," అని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

భాగ్యకు వెటకారం ఆడటానికి మనసు రాలేదు. "చూసెటోళ్లు లేక మీరు తల్లడిల్లిండ్రు, సరే. కాని అప్పుడు మీ నాయిన దూరంకెల్లి చూస్తే మీకు సరిపోతుండెనా? పక్కకొచ్చి కూసోవాలని లేకుండెనా?"

ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఇటు రా బిడ్డా. నువ్వే చెప్పు. డాడీ తిడ్తడా నిన్ను? నేనంటే భయమైతదా?"

సృజన లేచి నిలబడింది. చేతులు పక్కలకు ఆనించి, తల పైకెత్తి, కెమెరా వైపు చూస్తూ అంది. "లేదు డాడీ."

"అటు గాదు బిడ్డా. నేనిక్కడున్న."

పిల్ల ఆయన వైపు తిరిగింది. చొక్కా గుండీని ఒక్క క్షణం చూసింది. మళ్లీ కళ్లు వాటంతటవే గోడ మీదికి పోయాయి. "మంచిగనే చదువుతున్న డాడీ," అంది గోడతో.

"ఓ బిడ్డా, మీ నాయిన ఈడున్నడు గదనే!" అంది బాలలక్ష్మి.

పరశురాం కుర్చీ లాక్కుని ఎక్కాడు. జేబులోంచి టెస్టర్ తీసి స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు. మొదటి స్క్రూ ఊడి కింద పడగానే సృజన పరుగెత్తుకొచ్చి ఆయన కాళ్లు చుట్టేసుకుంది.

"తియ్యకు డాడీ! మంచిగ రాస్త. ఒట్టు, కాగితం మీదనే రాస్త. తియ్యకు!"

"ఎందుకు బిడ్డా? ఇది పోతే నీకే మంచిగుంటది గద?"

"ఇది తీస్తే నువ్వింక నాతోని మాట్లాడవు."

పరశురాం కుర్చీ మీద అలాగే నిలబడిపోయాడు. పిల్ల లేవకముందే దుకాణానికి పోతాడు, పడుకున్నాక వస్తాడు. కూతురితో మాట్లాడిందల్లా ఈ గోడలోంచే. తను కసిరిన కసుర్లనే పిల్ల కబుర్లనుకుని దాచుకుంది.

మెల్లగా దిగాడు. నేలమీద గోడకానుకుని కూర్చున్నాడు. సృజన కొంచెం ఎడంగా, ముడుచుకుని కూర్చుంది. ఏదైనా అడగాలనుకున్నాడు, చదువు తప్ప ఏదైనా. నాలుక చివరికి హోంవర్కే వచ్చింది, మింగేశాడు. స్నేహితురాలి పేరు? తెలియదు. ఏ కూర ఇష్టం? అదీ తెలియదు. పైనుంచి చూసీ చూసీ ఆమె పాపిట ఎక్కడ వంకర తిరుగుతుందో మాత్రం బాగా తెలుసు.

మాట సృజనే కలిపింది. "నేనడగాల్నా డాడీ?"

"అడుగు బిడ్డా."

"దుకాణంల ఒక్కనివే కూసుంటే నీకు బోర్ కొడ్తదా?"

పరశురాం చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి. "కొడ్తది బిడ్డా," అన్నాడు ఎలాగో. "మస్తు కొడ్తది."

సృజన జరిగి దగ్గరికొచ్చింది. ఆయన వేళ్లను ఒక్కొక్కటిగా ముఖం మీదినుంచి తీసి, మొదటిసారి ఆయన కళ్లలోకి చూసింది.

"నాకు గూడ," అంది.