సజావా అడవిలో ముప్పై కవితలు

ఆదివారం తెల్లారేలోపు రుజెనా చేయాల్సిన పనులు ఇవి. ముప్పై కవితలున్న టైపు ప్రతిని ఫోటోలు తీయాలి. ఫిల్మ్ కడిగి, ఆరబెట్టి, చిటికెన వేలంత చుట్టగా చుట్టాలి. పుట్టగొడుగులు కోసే కత్తి పిడిని తొలిచి ఆ చుట్టను అందులో దాచాలి. బుట్ట, పాత బూట్లు, తలకి రుమాలు సిద్ధం చేసుకోవాలి. టైపు ప్రతిని బాయిలర్‌లో వేసి కాల్చేయాలి.

ఆ చివరి పని దగ్గరే ఆమె చెయ్యి ఆగింది.

"వెయ్యి," అన్నాడు ఓతాకర్, బొగ్గు పార పక్కన పెడుతూ. "పోలీసులు వారంలో మూడుసార్లు సోదా చేశారు. మిగతా పదకొండు నకళ్ళూ పట్టుకుపోయారు. ఇది కూడా దొరకాలా?"

ఓతాకర్ కవి. 1977లో, ప్రాగ్ నగరంలో, అతని రాతలు అచ్చువేయడం నేరం. అందుకని ఆసుపత్రి బాయిలర్‌కి బొగ్గు వేసే ఉద్యోగం చేస్తున్నాడు. నిషేధించిన పుస్తకాలు ప్రచురించేది కూడా ఆ బాయిలర్ గదిలోంచే. ప్రెస్సు లేదు. కార్బన్ పేపర్లు, ఒక టైపిస్టు, విడతకి పన్నెండు నకళ్ళు, అంతే. మందుల షాపులో పనిచేసే రుజెనా అతని కొరియర్. కోడ్ నేమ్: వడ్రంగిపిట్ట.

బాయిలర్ హోరులో రహస్య పోలీసుల మైకులు పనిచేయవు. బ్రీఫింగ్ అక్కడే జరిగింది.

"కాంటాక్ట్ పేరు ఇవోనా. వియన్నా వ్యాపారి భార్య. అందగత్తె, చూడగానే గుర్తుపడతావు. ఆదివారం తొమ్మిదింటికి సజావా అడవిలో, వేటగాళ్ళ మంచె దగ్గర. నువ్వు 'మొన్నటి వాన సరిపోయిందా' అంటావు. ఆమె 'నాచుకి సరిపోయింది, నాకు సరిపోలేదు' అంటుంది. మధ్యాహ్నం రైలుకి ఫిల్మ్ దేశం దాటుతుంది."

"దాటకపోతే?"

"ఈ ముప్పై కవితలూ ఎవరూ రాయనట్టే. జైల్లో కాగితం లేక రెండేళ్ళు వీటిని కంఠతా పట్టి మోశాను. బయటికొచ్చి టైపు చేయించాక సగం మర్చిపోయాను." నవ్వాడు. "ముసలివాణ్ణయ్యాను పిల్లా. వీటిని మళ్ళీ రాయలేను. వాళ్ళడిగే క్షమాపణ పత్రం అసలే రాయలేను."

రుజెనా కాగితాలను మంటలో వేసింది.

ఆదివారం ఉదయం రైల్లో కాలు పెట్టే చోటు లేదు. వాన పడి మూడు రోజులైంది. సగం ప్రాగ్ బుట్టలు పట్టుకుని పుట్టగొడుగుల కోసం అడవికి బయల్దేరింది. ఎదురు సీట్లో మనిషిని చూసి రుజెనా చూపు కిటికీ వైపు తిప్పుకుంది. లిబుషే! ఓతాకర్ కవితలు టైపు చేసే అరవై రెండేళ్ళ రిటైర్డ్ గుమాస్తా. బయట కనబడితే పలకరించుకోకూడదన్నది వాళ్ళ రూల్. లిబుషే ఆమె వంక చూడనే లేదు, పక్కావిడతో మాటకు మాట వేస్తోంది.

"ఎక్కడ దిగుతున్నారు?" అడిగింది పక్కావిడ.

"రైలు ఆగిన చోట."

"చెప్తే ఏం పోయింది? మీ పుట్టగొడుగుల చోటు నేనేమైనా ఎత్తుకుపోతానా?"

"మా ఆయనకే చెప్పలేదమ్మా. ముప్పై ఏళ్ళు కాపురం చేశాడు. పాపం, తెలుసుకోకుండానే పోయాడు."

పెట్టె అంతా గొల్లుమంది.

మంచె దగ్గర ఇవోనా నిలబడి ఉంది. ఆకుపచ్చ టోపీ, పట్టు స్కార్ఫ్, సినిమా పోస్టర్ మీంచి దిగివచ్చినట్టుంది. బుట్టనిండా గోధుమరంగు టోపీల పుట్టగొడుగులు, ఒకదాన్ని మించి ఒకటి. కోడ్ మాటలు పొల్లుపోకుండా చెప్పింది.

"ఇంత మంచివి ఎక్కడ దొరికాయండీ?" రుజెనా మాటవరసకి అడిగింది. దానికి ఎవరూ జవాబు చెప్పరు.

"అదిగో, ఆ భూర్జ చెట్ల వెనక పల్లంలో. బోలెడున్నాయి. పద చూపిస్తా. ఫిల్మ్ కూడా అక్కడే ఇద్దువుగాని, ఎవరూ ఉండరు."

రుజెనా అడుగు వేయలేదు. ఈ దేశంలో మనిషి తాగి పార్టీని తిడతాడు, ఇంటి గుట్టంతా రైల్లో విప్పుతాడు. తన పుట్టగొడుగుల చోటు మాత్రం చెప్పడు. కన్నతల్లి కూడా చెప్పదు. ఈమె అడగ్గానే వేలు పెట్టి చూపించిందంటే ఆ బుట్ట ఈమె నింపింది కాదు. ఎవరో నింపి చేతికిచ్చారు.

డబుల్ ఏజెంట్!

పల్లం వైపు చూసింది. ఆకుల సందున పాలిష్ చేసిన నల్లబూటు. దాని పక్కన ఇంకోటి. మొత్తం నలుగురు, ఒక కెమెరా.

ఇవోనా ఆమె మోచేయి పట్టుకుంది. "ఆలస్యం దేనికి?"

పరిగెత్తితే పదడుగుల్లో పట్టుకుంటారు. కత్తి విసిరితే ఈమె చూస్తుంది. రుజెనా ఊపిరి నిండా పీల్చి, గొంతు చించుకుని అరిచింది.

"ఇక్కడున్నాయర్రా! పల్లం నిండా ఉన్నాయి! రండి, రండి!"

అడవి ఒక్క క్షణం మూగబోయింది. అలా అరిచిన మనిషిని ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. ఆ వెంటనే నాలుగు వైపులా కొమ్మలు పటపటలాడాయి.

"ఎవరికో మతిపోయింది! తిరిగొచ్చేలోపు పదండి!"

అరవై బుట్టలు పల్లంలోకి దూకాయి. ఇవోనా టోపీ ఎగిరిపోయింది. పోలీసుల కెమెరా మీద ఒకాయన బూటు పెట్టాడు. ఆఫీసర్ ఈల ఊదాడు, ఎవరూ లెక్కచేయలేదు. జనంతోపాటు వచ్చిన లిబుషే అతని ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏం బాబూ, కూర్చుని కోస్తున్నావా? లే. నీ కిందే ఉన్నాయి."

లేచాడు. నిజంగానే రెండున్నాయి, కొంచెం నలిగాయి. లిబుషే వంగింది. ఆ తోపులాటలో రుజెనా చేతిలోని కత్తి ఆమె బుట్టలోకి జారింది. లిబుషే తల తిప్పలేదు. నలిగిన రెండింటినీ కత్తి మీద పేర్చి, "ఇవి సూప్‌కి పనికొస్తాయి," అని గొణుక్కుంటూ స్టేషన్ దారి పట్టింది. అప్పుడే రెండు చేతులు రుజెనా భుజాల మీద పడ్డాయి.

పోలీసులు ఆమెను నలభై ఎనిమిది గంటలు కూర్చోబెట్టారు. బూట్ల అడుగులు చీల్చారు, ఆమె బుట్టలోని పుట్టగొడుగులన్నిటినీ ముక్కలు తరిగారు.

"ఫిల్మ్ ఎక్కడ?"

"మీరు తరిగారుగా. వేయించి చూడండి, దొరుకుతుందేమో."

ఏమీ దొరక్క వదిలేశారు. అదే వారం లిబుషే ఎండిన పుట్టగొడుగుల దండ ఒకటి ఆస్ట్రియాలో ఉన్న చెల్లెలికి పార్సెల్ పంపింది. పదకొండేళ్ళుగా శరదృతువు రాగానే పంపుతూనే ఉంది, పోస్టాఫీసు వాళ్ళు వాసన చూసి ముద్ర వేసేస్తారు. ఒక లావుపాటి కాడలో ముప్పై కవితలు దేశం దాటాయి. వసంతానికి అక్కడ పుస్తకం అచ్చయి వచ్చింది. అట్ట మీద ఓతాకర్ పేరు కొట్టొచ్చినట్టుంది.

పట్టుకుపోయిన నకళ్ళ అక్షరాలను ఇల్లిల్లూ తిరిగి టైప్‌రైటర్లతో పోల్చి చూసి, చివరికి పోలీసులు లిబుషే తలుపు తట్టారు. పద్నాలుగు నెలల శిక్ష పడింది. "ఈ వయసులో ఇలాంటి చెత్త ఎందుకు టైపు చేశావు?" అని కోర్టులో జడ్జి గద్దించాడు.

"చదవకుండానే చెత్త అని ఎలా తెలిసింది బాబూ?" అంది లిబుషే. "చదివుంటే మాత్రం, నువ్వూ ఇలా వచ్చి బోనులో నా పక్కన నిలబడు."

ఆ పుస్తకం ఎప్పుడైనా మీ చేతికొస్తే కవిని ఎలాగూ మెచ్చుకుంటారు. అందులో ఎక్కడా పేరు లేని లిబుషేని కూడా ఒక్కసారి తలచుకోండి. ప్రతి అక్షరాన్నీ పన్నెండు కాగితాల అడుగుదాకా దిగేలా కొట్టింది ఆవిడే.