బొంత కింది చీర

"అరవకండి! ఇక్కడ సాంచాలు నడవట్లేదు."

మౌక్తిక చెవులు మూసుకుంది. రఘుపతి నాలుక కరుచుకున్నాడు. పదేళ్లుగా సాంచాల మీద, ఆ మరమగ్గాల మోతలో పనిచేసేవాడికి మెల్లగా మాట్లాడటం చేతకాదు.

సూరత్‌లోని బమ్రోలిలో లలితమ్మ ఇంటి మేడమీద ఆదివారం మధ్యాహ్నాలు, వలస వచ్చిన తెలుగువాళ్లతో బొంత కుట్టించేది మౌక్తిక. ఆ ఊళ్లోనే పెరిగిన పిల్ల. ఆమె షరతు ఒక్కటే: ఎవరికి వాళ్లు పాత గుడ్డ తేవాలి, దాని కథ చెప్పాలి, ఒక ముక్క కోసి కుట్టాలి. లలితమ్మ తన పెళ్లి రవికె కథతో అందర్నీ నవ్వించి, చివరికి తనే ఏడ్చి, "హమ్మయ్య, గుండె అల్కగైంది" అంది.

రఘుపతి మాత్రం మూడు వారాలుగా తెచ్చిన కవరు విప్పకుండానే పట్టుకుపోతున్నాడు.

"అందులో ఏముంది జీ, సమోసాలా?" అడిగింది మౌక్తిక.

"మా అవ్వ, నన్ను గన్న తల్లి చీర." మొదటిసారి అతని గొంతు తగ్గింది. "పోయినేడు అవ్వకు పానం బాగలేదని చెల్లె పదకొండు సార్లు ఫోన్ జేసింది. సాంచాల సప్పుడుల ఇనవడలే. నేను జూసేసరికే అవ్వ పోయింది."

సూదులన్నీ ఆగిపోయాయి.

మౌక్తిక మెల్లగా కత్తెర అందించింది. అతను కవరు విప్పి, కత్తెరను చీర అంచుదాకా తెచ్చి ఆపేశాడు. "కొయ్యలేను మేడం. ఇగ నేను రాను."

ఆమె కత్తెర వెనక్కి తీసుకుంది. "కొయ్యొద్దులెండి. బొంతకు అడుగున ఒక నిండు చీర పరవాలి కదా? ముక్కలన్నిటినీ మోసేది అదే. అవ్వ చీరే పరుద్దాం."

పొద్దు వాలేదాకా ఎదురెదురుగా కూర్చుని కుట్టారు.

"మరి అంత మోతలో ఎలా పిలుచుకుంటారు?" అడిగింది.

అతను చూపుడువేలు తలపైన గిర్రున తిప్పాడు. "గిట్ల. పని ఆపి జెల్ది నా దగ్గరికి రా అని."

ఆమె కూడా తిప్పి చూసి, నవ్వేసింది.

నెలకు బొంత పూర్తయింది. అందరూ దాన్ని రఘుపతికే ఇచ్చారు. అది భుజాన వేసుకుని మెట్లు దిగాడు. ఇక రావడానికి సాకు లేదు. వీధి మలుపులో, ఆటోల హారన్ల మధ్య, ఆగలేక ఒక్కసారి వెనక్కి చూశాడు.

మేడమీద మౌక్తిక. తలపైన వేలు గిర్రున తిప్పుతోంది.

"ఏమైంది మేడం?" వీధంతా వినేలా అరిచాడు.

"ఏం కాలే! నువ్వు పోవుడు నాకు నచ్చలే!" అంతకంటే గట్టిగా అరిచింది.

కిటికీలోంచి లలితమ్మ తల బయటపెట్టింది. "అరవద్దని నేర్పిన పిల్లే గిట్ల అరవవట్టె! పైకి రా బిడ్డా, చాయ్ పెడుతున్న."

రఘుపతి రెండేసి మెట్లెక్కాడు.