రానివాడి కుర్చీ

ఉత్తరాన మంచుదేశంలో ఔలు అనే ఊరి గ్రంథాలయంలో, పిల్లల పుస్తకాల గదికి వెళ్ళే దారిలో ఒక ప్రకటనల పలక ఉంటుంది. వాడిన స్కీలు అమ్ముతామని ఒకరు, పిల్లి తప్పిపోయిందని ఒకరు, పియానో నేర్పుతామని ఇంకొకరు అక్కడ చీటీలు గుచ్చుతారు. నవంబరులో ఒక సాయంత్రం సైమి ఆ పలక ముందు నిలబడి, తను గుచ్చిన చీటీని తనే పీకి ఉండ చుట్టింది.

కథల ఆటకి జట్టు కావాలని రాసిన చీటీ అది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్ళు తలో పాత్రా పట్టుకుని, పాచికలు వేసుకుంటూ ఆ కథలో బతుకుతారు. సైమికి అదంటే ప్రాణం. పెళ్ళికి ముందు నుంచీ ఒకే జట్టుతో ఆడింది. విడాకులయ్యాక ఇల్లు ఆమె భాగానికి వచ్చింది, జట్టు మొగుడి భాగానికి పోయింది. "నువ్వొస్తే యుర్కికి ఇబ్బందిగా ఉంటుంది, అర్థం చేసుకో" అన్నారు స్నేహితులు. ఆమె అర్థం చేసుకోలేదు. ఏడాది గడిచినా ఆ మాట తలుచుకుంటే ఒళ్ళు మండుతూనే ఉంది.

చీటీ చూసి ఫోన్ చేసినవాళ్ళు లేకపోలేదు. ఒక కుర్రాళ్ళ జట్టు ఆమెను పిలిచి, "కత్తి పట్టే పాత్రలు అయిపోయాయి, వైద్యం చేసే ఆవిడగా ఉండక్కా" అని ఓ మూల కూర్చోబెట్టింది. ఇంకో జట్టు వారం వారం వాయిదా వేసి, చివరికి ఫోన్ ఎత్తడం మానేసింది. మూడోవాళ్ళు మీ ఇంట్లోనే ఆడదామన్నారు. సైమి తెల్లవారుజామున నగరపాలక సంస్థ బండితో రోడ్ల మీద మంచు తోసి, ఇంటికొచ్చి, నిద్ర మానుకుని దాల్చినచెక్క రొట్టెలు కాల్చింది. బల్ల సర్దింది. ఎవరూ రాలేదు. రామని ఒక్క ముక్క చెప్పడానికి కూడా ఎవరికీ నోరు రాలేదు. ఆ రొట్టెలన్నీ చెత్తబుట్టలో వేసింది.

"పీకేశారేం?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

అరవై దాటిన మనిషి. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉన్నాడు. బొచ్చు టోపీ చేతిలో నలుపుతున్నాడు. ఎన్నాళ్ళ నుంచో నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎవడూ రాడు కనక" అంది సైమి.

"మా భవనంలో ఒక జట్టుంది. నలుగురు. ఐదో మనిషి కోసం చూస్తున్నారు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆడతారు."

"ఆడతారా, ఆడదామనుకుంటారా?"

అతను నవ్వలేదు. "ఒక్క వారం కూడా మానరమ్మా" అన్నాడు మెల్లగా. "నా పేరు టోర్స్టి."

"మీరూ ఆడతారా?"

"ఒకప్పుడు."

ఆదివారానికి మంచు బాగా పడింది. ఆ నెలల్లో ఔలులో మధ్యాహ్నానికే చీకటి పడుతుంది. తుయిరా పేటలో గోధుమరంగు అపార్ట్‌మెంట్ల మధ్య వీధి దీపాల కింద మంచు నారింజరంగులో మెరుస్తోంది. టోర్స్టి గుమ్మంలోనే ఎదురు చూస్తున్నాడు. కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే ఉన్ని చెప్పులున్నాయి. ఏం మాట్లాడకుండా ఆమెను మెట్లు దింపి కిందికి తీసుకెళ్ళాడు.

ఆ దేశంలో యుద్ధం వస్తే దాక్కోవడానికని ప్రతి పెద్ద భవనం కిందా ఒక కాంక్రీటు గది ఉంటుంది. యుద్ధం రాలేదు కనక జనం వాటిలో సైకిళ్ళూ స్కీలూ పెట్టుకుంటారు. ఆ గదికి జానెడు మందం ఇనుప తలుపు, దానికి రెండు పొడవాటి గడియలు. టోర్స్టి తన బరువంతా వేసి వాటిని తిప్పాడు.

"లోపలి వైపు పిడి పాడైపోయింది. అయిపోగానే నేనే తీస్తాను. సరిగ్గా దీని పైనే మా ఇల్లు" అన్నాడు.

తలుపు తెరుచుకుంటుంటే అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు. సైమి అది చూసింది. ముసలాయనకి దుమ్ము పడదు కాబోలు అనుకుని లోపలికి నడిచింది. వెనక తలుపు మూసుకుంది.

లోపల పసుప్పచ్చ బల్బు ఒకటి వెలుగుతోంది. కిరసనాయిలు వాసన. బల్ల చుట్టూ నలుగురు. కథ నడిపే కుర్చీలో పొడవాటి జడ వేసుకున్న స్త్రీ, ఆమె పేరు హిల్లెవి అని కాసేపటికి తెలిసింది. పక్కన గడ్డం మనిషి రౌనో. ఎదురుగా ఒకే పోలిక ఉన్న అన్నదమ్ములిద్దరు. అందరూ పాతకాలపు లావు స్వెట్టర్లు వేసుకున్నారు. అందరి బుగ్గలూ గులాబీ రంగులో, ఎండలో ఆడుకొచ్చిన పిల్లల్లా నిగనిగలాడుతున్నాయి. ఐదో కుర్చీ ఖాళీగా ఉంది.

"వచ్చావా. కూర్చో" అంది హిల్లెవి.

పేరు అడగలేదు. ఎన్నేళ్ళ నుంచి ఆడుతున్నావని పరీక్షలు పెట్టలేదు. పాచికలు ఆమె ముందుకి తోసి కథ మొదలుపెట్టేసింది.

ఎంత మంచి కథ అది. మంచుకొండ మీద ఐదుగురు ప్రయాణికులు. మంచు తుఫాను. ఒక గుహ. హిల్లెవి గొంతు పెంచదు, చేతులూపదు. అయినా గాలి ఊళ వినిపించింది. సైమి ఏదైనా అంటే నలుగురూ ఆమె వైపు తిరిగి చివరిదాకా విన్నారు. ఏడాదిగా కడుపులో రగులుతున్నది కాస్త చల్లబడినట్టయింది. ఆమె కత్తి దూసింది, తోడేలుని నరికింది, రౌనోని మంచులోంచి లాగింది. నవ్వింది కూడా.

నవ్వినప్పుడే చూసింది. తన నోటి ముందు ఆవిరి తెల్లగా లేస్తోంది. ఆ గది అంత చల్లగా ఉంది.

మిగతా నలుగురి నోటి ముందు ఏమీ లేదు.

చలికి అలవాటు పడ్డారేమో అని తనకి తనే చెప్పుకుంది. అదేం అలవాటో ఆలోచించలేదు.

"గుహ మూసుకుపోయింది" అంటోంది హిల్లెవి. "బయటి నుంచి తప్ప తెరుచుకోదు. మన ఐదోవాడు వచ్చి తెరవాలి. వస్తానని మాటిచ్చాడు. రాలేదు. రానని కబురూ పెట్టలేదు. వాడు దొరికితే ఏం చేద్దాం?"

అందరూ సైమి వైపే చూస్తున్నారు. ఆమెకి చెత్తబుట్టలో రొట్టెలు గుర్తొచ్చాయి. యుర్కి గుర్తొచ్చాడు. అర్థం చేసుకో అన్న ప్రతి మొహం గుర్తొచ్చింది.

"తెచ్చి కూర్చోబెడదాం" అంది పళ్ళు బిగించి. "ఆట అయ్యేదాకా లేవనివ్వకూడదు."

రౌనో నెమ్మదిగా నవ్వాడు.

"ఇన్నాళ్ళకి ఒకరన్నారు" అన్నాడు. "ఇంతకుముందు మా దగ్గరికి పంపినవాళ్ళంతా... పోనీలే, క్షమించేద్దాం అన్నారు."

"పంపిందెవరు?"

కిరసనాయిలు వాసన చిక్కబడింది. గది మూల ఒక పాత కిరసనాయిలు హీటర్ ఉంది. అందులో మంట లేదు. సైమికి కణతల దగ్గర నొప్పి మొదలైంది. కళ్ళు బరువెక్కుతున్నాయి...

అన్నదమ్ముల్లో ఒకడు బల్ల మీద తల వాల్చాడు. నిద్రపోయే పిల్లాడిలా. రెండోవాడూ వాల్చాడు.

"మూసిన గదిలో హీటర్ పొగ విషం. ముందు తలనొప్పి" అంది హిల్లెవి, అదే గొంతుతో. "తర్వాత నిద్ర. వాడొస్తాడులే అనుకున్నాం. వాడు ఎప్పుడూ కాస్త ఆలస్యమే కదా... అనుకున్నాం."

సైమి లేచింది. కుర్చీ వెనక్కి పడింది. తలుపు దగ్గరికి పోయింది. పిడి ఉండాల్సిన చోట ఇనుము మీద రంగు లేచిపోయి ఉంది. సన్నని గీతలు. పక్కపక్కనే. గోళ్ళతో గీసినట్టు...

రెండు పిడికిళ్ళతో బాదింది. "టోర్స్టి గారూ. తలుపు తియ్యండి."

అవతల ఊపిరి వినిపించింది. అంత మందపు తలుపు. అయినా వినిపించింది.

"ఇంకాసేపు" అన్నాడతను గుసగుసగా. "ఇంకాసేపు కూర్చో తల్లీ. వాళ్ళేం చెయ్యరు. ఆడతారంతే."

"ఎవరు వీళ్ళు?"

"ఎవరో ఒకరు ఆ కుర్చీలో కూర్చుంటే... వారమంతా కింద చప్పుడుండదు. నాకు నిద్ర పడుతుంది. ముప్ఫయ్యేళ్ళ నుంచీ..."

"ఏం చేశావు వీళ్ళని?"

"నేనేం చెయ్యలేదు." అన్నాడతను. "మంచు పడుతోందని ఆ ఆదివారం బద్ధకించాను. అంతే. పిడి అప్పటికే పాడైంది, తలుపు మూసుకుపోయింది... నేనొస్తానని వాళ్ళు... నేనేం చెయ్యలేదమ్మా."

భయం ఎటు పోయిందో తెలీదు. సైమికి అరికాలి మంట నెత్తికెక్కింది. వీడి నిద్ర కోసం. వీడు ఒక పూట లేవలేకపోయినందుకు. ఒంటరిదాన్ని చూసి, జట్టు కోసం మొహం వాచిపోయినదాన్ని చూసి, ఏరుకుని మరీ తెచ్చాడు.

"తియ్యరా ముసలోడా" అంది. "తీసి నీ మొహం చూపించు వాళ్ళకి."

వెనకాల కుర్చీలు జరిగిన చప్పుడు.

నాలుగు.

ఆమె మెడ మీద మంచు ముక్క పెట్టినట్టయింది. అడుగుల చప్పుడు లేదు. కానీ దగ్గరికొచ్చారు. చాలా దగ్గరికి...

"నువ్వు పక్కకి జరుగు" అంది హిల్లెవి చెవిలో.

సైమి గోడకి అతుక్కుంది. అవతల గడియలు వాటంతటవే కిర్రుమంటూ తిరిగాయి. అతను వాటిని పట్టుకుని వేలాడుతున్నాడని మూలుగుని బట్టి తెలుస్తోంది. తలుపు తెరుచుకుంది. ఉన్ని చెప్పులతో, బొచ్చు టోపీ నలుపుతూ, టోర్స్టి. అతను గదిలోకి చూడలేదు. ఆమె కళ్ళలోకే చూశాడు.

"నువ్వు చెప్పు వాళ్ళకి" అన్నాడు. "నీ మాట వింటారు. పోనీలే అను. ఒక్కసారి అను."

ఆమె అనొచ్చు. నాలుగు అక్షరాల మాట కూడా కాదు. వాళ్ళు నలుగురూ ఆగి ఉన్నారు, ఆమె ఏమంటుందో వినడానికి. చివరిదాకా వినే మనుషులు వాళ్ళు.

సైమి ఏమీ అనలేదు. అతన్ని రాసుకుంటూ బయటికి వచ్చింది. వెనక ఉన్ని చెప్పులు నేల మీద ఈడ్చుకుపోయిన చప్పుడు అయింది. తలుపు మెత్తగా మూసుకుంది.

సగం మెట్లెక్కేసరికి కోపం దిగిపోయింది. దాని కింద అణిగి ఉన్న భయమూ, తను చేసిందేమిటో అన్నదీ అప్పుడు తెలిశాయి. వెనక్కి పరుగెత్తింది. తలుపుకి చెవి ఆనించింది.

"ఇక మొదలుపెడదాం" అంటోంది హిల్లెవి.

గడియలు తిప్పి లాగింది. చీకటి. తడిమి దీపం వేసింది. సైకిళ్ళు. స్కీలు. పిల్లల మంచుబండి. గదిలో ఎవరూ లేరు. బల్ల కూడా లేదు.

పోలీసులకి ఆ సాయంత్రమే చెప్పింది. అంతా చెప్పలేదు, చెప్పినంతలో వాళ్ళు నమ్మినంత నమ్మారు. టోర్స్టి ఇల్లు తెరిచి చూస్తే పొయ్యి మీద కాఫీ ఇంకా వెచ్చగా ఉందట. ప్రతి గదిలో నేల మీద దుప్పట్లు పరిచి ఉన్నాయట, కింది చప్పుడు పైకి రాకుండా అన్నట్టు, పొర మీద పొర, మోకాలి ఎత్తున. అతను నిద్రపోయే మంచం వంటగదిలో, గట్టు మీదికి ఎక్కించి ఉందట. మతి తప్పిన ముసలాయన మంచులో ఎటో పోయాడని రాసుకుని, నది ఒడ్డంతా వెతికి, ఊరుకున్నారు.

ఆ చలికాలమంతా సైమి రోజూ తనతో తనే పోట్లాడింది. వాడికి అలాగే కావాలి అనుకున్న పూట కూడు సయించేది కాదు. నేను అనాల్సింది అనుకున్న పూట మళ్ళీ కోపం రగిలేది, ఈసారి ఎవరి మీదో తెలీకుండా.

ఏప్రిల్లో మంచు కరిగాక గ్రంథాలయం పైఅంతస్తులో కొత్త జట్టు పెడుతున్నారని తెలిసింది. కథ నడిపేది నెల్లా అనే నర్సు, గలగలా మాట్లాడే పిల్ల. ఆడేది సైమి, ఒక రొట్టెల దుకాణం ఆయన, ఆయన కూతురు. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. సైమి కోటు విప్పి, కుర్చీలు చూసింది.

"మనం నలుగురమే కదా" అంది.

"మీవాడు ఉన్నాడుగా" అంది నెల్లా, ఒక కుర్చీని బల్ల దగ్గరికి లాగుతూ. "నిన్న ఫోన్ చేశాడు. సైమి ఆడుతున్న జట్టు ఇదేనా అని అడిగి, ఈసారి తప్పకుండా వస్తానని చెప్పమన్నాడు. పాపం, ఎంత నెమ్మదిగా మాట్లాడతాడో."

సైమి కోటు ఇంకా చేతిలోనే ఉంది. "ఎప్పుడొస్తాడట?"

"వచ్చేశాడు. మీ వెనకే మెట్లెక్కి వచ్చాడు కదా." నెల్లా ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు చూసి, రమ్మన్నట్టు తల ఊపింది. "ఏంటండీ, అలా టోపీ నలుపుతూ నిలబడ్డాడు, మీరు చెబితే తప్ప లోపలికి రాడా?"

సైమి వెనక్కి తిరగలేదు. నోరు తెరిచింది. మాట వచ్చేలోపే నెల్లా కనుబొమలు పైకి లేచాయి. గుమ్మం వైపు చూస్తూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంది. ఒకసారి లెక్కపెట్టి, మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టింది.

"ఉండండి" అంది కాస్త కంగారుగా, "పక్క గదిలోంచి కూడా కుర్చీలు తెస్తాను. అతని వెనకే ఇంతమంది వస్తారని నాకెవరూ చెప్పలేదు."