ఎనిమిది నెలలు దాచిన మాట

పొద్దున ఏడున్నరకు శేఖర్ తాళం తిప్పాడు. బండి దగ్గింది, ఊగింది, ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే.

కొత్తగూడ లోపలి గల్లీలో ఇది రోజూ ఉండేదే. ఎదురింటి కిష్టమ్మ వాకిలి ఊడుస్తూ తలెత్తింది.

"ఏం శేఖరూ, గుర్రం ఇంకా లేవలేదా? జర చాయ తాపియ్యరాదు."

"నీ కొడుకును పంపియ్యి అత్తా. ఇద్దరం నూకుతం."

"వాడెక్కడున్నడు? గల్లీల మొగోళ్ళంతా చౌరస్తాకు పోయిన్రు. ఇయ్యాల సమ్మెల రోడ్డు మీద వంటావార్పంట."

అరుగు మీద కూర్చున్న లింగమూర్తి కొడుకు అవస్థను చూస్తూ బీడీ ముట్టించాడు. ఆ బండి రోగమేమిటో ఆయనకు తెలుసు. ఎనిమిది నెలలుగా తెలుసు.

అది డీజిల్‌తో నడిచే చిన్న ఎస్‌యూవీ, ఐదేళ్ళు వాడినది. హైటెక్ సిటీలో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేసే శేఖర్ దాన్ని నల్లగండ్లలో చలపతిరావు అనే ఇంజనీరు దగ్గర కొన్నాడు. ఎత్తుగా ఉంటది, గుంతల్లో పొట్ట తగలదు, ఏసీ వేస్తే వణుకు పుడతది అని కొత్తలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు. తర్వాత చెప్పడం మానేశాడు. ఒక మెకానిక్కు బ్యాటరీ మార్చాడు. ఇంకొకడు సెల్ఫ్ మోటారు మార్చాడు. పొద్దున్నే మొరాయించే గుణం మాత్రం మారలేదు.

కొన్న మూడో రోజు శేఖర్ స్నానానికి వెళ్ళినప్పుడు అతని సెల్లు మోగితే లింగమూర్తి ఎత్తాడు.

"చలపతిరావునండి. ఒక మాట చెప్పడం మరిచిపోయాను. ట్యాంకులో డీజిల్ తగ్గినా, ముక్కు ఎత్తువైపు పెట్టి నిలిపినా పైపులోకి గాలి పట్టేస్తుందండి. బానెట్ తీస్తే ఆ పైపు మీద నల్ల రబ్బరు బుడ్డి ఉంటుంది. గట్టిపడేదాకా నొక్కి తాళం తిప్పితే చాలు. మీ అబ్బాయికి చెప్పండి."

ఊళ్ళో బావి మీద ఇరవై ఏళ్ళు ఆయిలింజను నడిపినవాడికి గాలి పట్టడమంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. "సరే" అని ఫోను పెట్టేశాడు. కొడుకుకు చెప్పలేదు.

ఆయన భార్య మల్లమ్మకు కిడ్నీలు పాడైనాయి. రెండేళ్ళపాటు వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవడానికి బస్సుల్లో నిలబడి తిరిగింది. "పాతదైనా ఒక బండి కొనురా" అని లింగమూర్తి ఎన్నిసార్లు అడిగినా శేఖర్ "చూద్దాం నాయినా" అనేవాడు. చివరికి మియాపూర్ బస్టాపులో, మొగుడి భుజం మీద తల పెట్టుకుని, మల్లమ్మ పోయింది. నెల తిరగకముందే, ముందు సీట్లో కోడలితో, ఈ బండి వాకిట్లోకి వచ్చింది.

తల్లికైతే చూద్దాం. పెళ్ళానికైతే వెంటనే. నూకనియ్యి. రోజూ నూకనియ్యి. లింగమూర్తి లెక్క అది.

ఇంట్లోంచి కోడలు రజిత పరుగున వచ్చింది. ఆమె భుజం మీద ఆరేళ్ళ యశస్విని. పిల్లకు ఉబ్బసం ఉంది. మందు ఆవిరి పట్టే మిషను ఇంట్లోనే ఉంది.

"మందు సగంలుండంగనే కరెంటు పోయింది. మిషను ఆగింది. దవాఖానకు తీయి బండి."

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. బొగ్గు లేక కరెంటు గంటల తరబడి పోతోంది. బస్సుల్లేవు. ఆ రోజు ఆటోలూ బంద్. శేఖర్ అంబులెన్సుకు ఫోను చేశాడు. రోడ్లు మూసి ఉన్నాయి, ఆలస్యమైతది అన్నారు. మళ్ళీ తాళం తిప్పాడు. నూకడానికి గల్లీలో మనిషి లేడు. బండి ముక్కు ఎత్తువైపు ఉంది.

"లేవే, నీ కాళ్ళు మొక్కుత. ఇయ్యాలొక్క రోజు లేవే."

ముప్పై నాలుగేళ్ళ కొడుకు స్టీరింగుకు నుదురు ఆనించి ఏడుస్తున్నాడు. పిల్ల పెదవులు నల్లబడుతున్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా గొంతు కింద గుంట పడుతోంది.

చేతిలో బీడీ చివరిదాకా కాలాక లింగమూర్తి లేచాడు.

"ఆపు. బ్యాటరీ దిగుతది. బానెట్ తీయి."

"నాయినా, నువ్వు జర ఊకో."

"తీయమన్ననా?"

బుడ్డి చేతికి దొరికింది. మెత్తగా, ఖాళీగా ఉంది. నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు. మెల్లగా అది రాయిలా బిగుసుకుంది.

"ఇప్పుడు తిప్పు."

బండి ఒక్క దెబ్బకు లేచింది.

"నీకెట్ల తెలుసు?" అన్నాడు శేఖర్.

"చలపతిరావు చెప్పిండు. కొన్న మూడో రోజే."

రజిత ఆయన వంక చూసింది. "ఎనిమిది నెలలు అరుగు మీద కూసోని తమాషా చూసినవా మామా?"

ఆయన బానెట్ మూశాడు.

"ఎక్కు" అంది రజిత. "నడుమల మళ్ళ ఆగితే ఎవరు నొక్కుతరు?"

లింగమూర్తి ఆ బండిలో కూర్చోవడం అదే మొదటిసారి. చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు మండుతున్నాయి. శేఖర్ అద్దం దించి పిల్లను చూపించాడు. ఇద్దరు మనుషులు తువ్వాళ్ళతో పట్టుకుని, ఉడుకుతున్న అన్నం డేగిసాను పక్కకు జరిపారు.

గంట తర్వాత దవాఖానలో పిల్ల ఊపిరి కుదుటపడింది. రజిత లోపల ఉంది. వరండా బల్ల మీద తండ్రీకొడుకులు మిగిలారు.

"నా మీద కోపముంటే తిట్టాలె, కొట్టాలె" అన్నాడు శేఖర్. "గిట్లనా?"

"మీ అమ్మ నా భుజం మీద పోయింది. నెల గాకముందే బండి తెచ్చినవ్. ఆమెను మర్చిపోయినవనుకున్న."

"మర్చిపోతనా? అమ్మను ఎక్కియ్యలేకపోయిన. నిన్నన్న బస్టాపుల కూసోనియ్యొద్దని తెచ్చిన. ఎక్కమని ఎన్నిసార్లు పిలిచిన? నువ్వు మొకం తిప్పుకుంటివి."

"ఆ ముక్క చెప్పక..." అని లింగమూర్తి ఆగిపోయాడు. ఆ మాట అనడానికి తనకు నోరు లేదు.

"ఇంకోటి చెప్తా ఇను. పొద్దున పిల్ల పెదవులు చూసినంక కూడా నేను లేవలే. చెప్తే దొరికిపోతనని కూసున్న. నా మనుమరాలు ఊపిరాడక కొట్టుకుంటుంటే నేను నా పరువు చూసుకున్న."

మల్లమ్మ పోయిన రోజు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. శేఖర్ ఆయన భుజం మీద చెయ్యి వెయ్యలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు.

రజిత తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

"పిల్ల తాతేడి అంటున్నది." మామగారి ముఖం కాసేపు చూసింది. "మాఫ్ జేసిన్నని మాత్రం అనుకోకు మామా. నా తోని గాదు. మొకం కడుక్కొని రా. గిట్ల చూస్తే అది భయపడ్తది."

శేఖర్ లేచి వరండా చివరి నల్లా విప్పాడు. లింగమూర్తి వంగి దోసిలి పట్టాడు.