తూర్పు గోడ బొంతలు

పొద్దున్నే కాఫీ కాస్తున్న జయమణికి ముందుగదిలోంచి చప్పట్లు వినిపించాయి. ఒకటి కొట్టడం, ఆగి చెవి ఒగ్గడం, మళ్ళీ ఒకటి కొట్టడం. వారం రోజులుగా ఆవిడ భర్త కృపారావు మేష్టారికి ఇదే పని.

నందిగామలో వాళ్ళ ముందుగది ఇప్పుడు పాటలు రికార్డు చేసే స్టూడియో అయి కూర్చుంది. పాస్టరుగారు బెజవాడ నుంచి టేపురికార్డరు తెచ్చి అరువిచ్చారు. క్రిస్మస్‌కి చందర్లపాడు, వత్సవాయి ఊళ్ళలో వినిపించడానికి ఒక పాట పట్టి, మిషను ఈ సాయంత్రం బస్సుకే తిరిగి పంపాలి. సున్నం గోడలు, నాపరాళ్ళ నేల కావడంతో ఆ గదిలో ఏ మాటన్నా గణగణలాడేది. అందుకని కృపారావు మూలల్లో పత్తి బస్తాలు నిలబెట్టాడు. పెంకుల కింద దుప్పట్లు కట్టాడు. నాలుగు గోడలకీ గోనెలు కొట్టాడు.

ఇంత హంగూ ఎవరి కోసం? జగ్గయ్యపేట నుంచి వచ్చిన తోడికోడలు దేవమణి గొంతు కోసం! జయమణి కాఫీగిన్నె ఠక్కున దించింది. కాపురానికొచ్చిన నాటి నుంచి చర్చిలో పాట ఎత్తుకున్నది తను. టైఫాయిడ్ వచ్చి లేచాక పై స్థాయిలో గొంతు చీలిపోతోంది. ఆ తర్వాత "నువ్వు పాడు" అన్న నాథుడే లేడు.

"జయా, నీ పెట్టెలో బొంతలున్నాయిగా, ఇటియ్యి," అంటూ కృపారావు వంటింట్లోకి వచ్చాడు.

"అవి మా అమ్మ కుట్టినవండీ. మేకులకి తగిలిస్తారా?"

"నిన్న పట్టిన పాట విన్నావుగా! గోనెసంచిలో తల దూర్చి పాడినట్టుంది. ఇంకా దట్టంగా కప్పాలి."

"అత్త సొమ్ము అల్లుడు దానం! కానివ్వండి," అని జయమణి తాళంచెవి విసిరేసింది.

బొంతలు తూర్పు గోడకెక్కాయి. దేవమణి పాడింది. మిషను తిప్పి వింటే నిన్నటికంటే అన్యాయంగా ఉంది, పాటలో ప్రాణం లేదు.

"నా గొంతు నాకే వినపడట్లేదు బావగారూ," అంది దేవమణి బిక్కమొహం వేసుకుని.

"కప్పింది చాల్లేదమ్మా. కొట్టుకెళ్ళి ఇంకో నాలుగు గోనెలు తెస్తా."

ఆయన బజారుకెళ్ళాడు. దేవమణి మొహం కడుక్కోవడానికి పెరట్లోకెళ్ళింది. జయమణి గదిలోకొచ్చి చూసింది. బొంతలో కుట్టిన అమ్మ నీలం చీర అంచు మీద మేకు దిగి ఉంది. అంతే, బొంతలూ వాటి కింద గోనెలూ ఒక్క ఉదుటున పీకి పారేసింది. తూర్పు గోడ బోసిగా మిగిలింది. ఇప్పుడు పాడవే తల్లీ, ఊరంతా నవ్వాలి అనుకుంది. అలా అనుకోవడం ఎంతో హాయిగా ఉంది.

తిరిగొచ్చిన కృపారావు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏం చేశావే? మతి పోయిందా?"

"మా అమ్మ బొంతలు, నా ఇష్టం."

"మిషను వెళ్ళిపోయే రోజున ఏంటీ పంతం?"

"పంతమా? ఇన్నేళ్ళు పాడానే, నా పాటకి ఏ గోడకి ఏం కట్టారు? జ్వరం తగ్గాక ఒక్కసారన్నా పాడమన్నారా?"

"బాధపడతావని అడగలేదు జయా."

"అడగనందుకే నా బాధంతా!"

పెరటి గుమ్మంలో దేవమణి అంతా వింది.

"బస్సు టైమైపోతోంది బావగారూ. ఉన్నట్టే పాడేస్తా," అంటూ లోపలికొచ్చింది. వాళ్ళకి మొహం చూపించలేక బోసి గోడ వైపు తిరిగి నిలబడింది. పాట ఎత్తుకుంది. గొంతు గోడకి తగిలి మెత్తగా తిరిగొచ్చింది. అది చెవిన పడగానే ఆమె నడుం నిటారైంది.

మిషను తిప్పారు. ప్రతి మాటా విడివిడిగా, నిండుగా, చర్చిలో నిలబడి విన్నట్టే ఉంది.

"మూడు గోడలు కప్పి ఒకటి వదిలెయ్యాలన్నమాట! నీకెలా తోచింది జయా?" కృపారావు గంతేసినంత పని చేశాడు.

దేవమణి వచ్చి ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది. "పాడిన మనిషి గనక మీకు తెలిసిందక్కా. నా పరువు నిలబెట్టారు."

తలూపితే సరిపోయేది. జయమణికి మాత్రం ఏడుపు ముంచుకొచ్చింది.

"నాకేం తెలీదే. నీ పాట పాడవ్వాలనే పీకేశా. నిన్ను చూసి ఓర్చుకోలేకపోయా."

దేవమణి చేతులు వదల్లేదు. "నేను కాపురానికొచ్చిన మొదటి ఆదివారం మీ పాట విన్నాక నెల్లాళ్ళు చర్చిలో నోరు తెరవలేదక్కా," అంది. "మీకు జ్వరమొచ్చి గొంతు పోయిందని తెలిసినప్పుడు... లోపల కాస్త సంతోషమేసింది. దేవుడు నన్ను క్షమించాలి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జయమణికి ఏడుపులోనే నవ్వొచ్చింది.

"దొంగమొహమా!" అంది.

"కింద స్థాయి మీరందుకోండక్కా. పైది నేను చూసుకుంటా. బావగారూ, ఇందాకటిది చెరిపెయ్యండి."

జయమణి అమ్మ బొంతని దులిపి నేల మీద పరిచింది. ఇద్దరూ దాని మీద పక్కపక్కనే నిలబడ్డారు, బోసి గోడకి ఎదురుగా.

ఆ క్రిస్మస్‌కి వత్సవాయిలో మిషను పెట్టినప్పుడు, పాటకి ముందు ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. అదేంటి మేష్టారూ అని ఎవరో అడిగారు.

"మా ఆవిడండీ," అన్నాడు కృపారావు, పాటంతా ఆవిడదే అన్నట్టు.