మూడోసారి ఇరుక్కున్న గొట్టం

“మేస్త్రి లేడా?” అని దినేష్ అడిగితే, లేత్ మిషను ముందు నిలబడిన అమ్మాయి తలెత్తనైనా లేదు.

“ఏం పని?”

“మేస్త్రితోనే సెప్తా.”

“సెప్పప్పా మరి. ఎదురుగానే ఉండా కదా!”

ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లుల వెనక సందులో ఉన్న ఆ షాపు తిక్కయ్యది. ఆయనకు నడుము పట్టేసినప్పటి నుంచి కూతురు రాధికే మిషను నడుపుతోంది. ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి వచ్చిన దినేష్‌కు ఆ సంగతేం తెలుసు? నాలిక కరుచుకుని, సంచిలోంచి మూరెడు నల్ల గొట్టం తీసి బల్ల మీద పెట్టాడు.

“మార్కర్ బ్యారెల్. లోపల ఇన్సర్ట్ ఇరుక్కునింది.”

“మార్కరంటే బోర్డు మీద రాసేదా?”

“కాదు, పెయింట్‌బాల్ ఆడే తుపాకీ. రంగు గుండ్లతో కాల్చుకుంటారు. ఎమ్మిగనూరు బయట గ్రౌండు పెట్టినా. గుండు వదులుగా పోకుండా లోపల సన్నటి స్టీలు తొడుగుంటాది. అదే ఇన్సర్ట్.”

రాధిక గొట్టాన్ని వెలుతురుకు పెట్టి ఒంటి కంటితో చూసింది. “దీన్ని స్క్రూడ్రైవర్‌తో పొడిసింది ఎవరు?”

“నేనే. కొంచెమే...”

“కొంచెమా! లోపలంతా గీతలు పడినాయి సూడు.”

గొట్టాన్ని వేణ్ణీళ్ల బక్కెట్లో నిలబెట్టింది. పగిలిన గుండు రంగు, దుమ్ము కలిసి గట్టిపడ్డాయని, వేడికి పైనున్న అల్యూమినియం స్టీలుకన్నా ఎక్కువ సాగి పట్టు వదులుతుందని చెప్పింది. దినేష్ బుద్ధిగా తలూపాడు గానీ, చూపంతా ఆమె బుగ్గ మీది ఆయిలు మరక దగ్గరే ఆగిపోయింది. కాసేపటికి ఆమె కర్రకు గుడ్డ చుట్టి వెనక నుంచి నెట్టింది. తొడుగు జారి బయటపడింది. రాధిక నవ్వింది.

దాంతో దినేష్ పని అయిపోయింది.

పది రోజులకు ఇంకో గొట్టం నిజంగానే ఇరుక్కుంది. ఇంత సంతోషంగా రిపేరుకు పోయిన మనిషి ఆ బస్సులో ఇంకొకడు లేడు. ఆ తర్వాత రెండు వారాలు ఒక్కటైనా ఇరుక్కోలేదు. దినేష్ ఎదురుచూసి, ఎదురుచూసి, చివరికి తొడుగు మీద రెండు చుక్కల గమ్ము వేసి, ఆ గొట్టంతో ఆదోని బస్సెక్కాడు.

రాధిక వేణ్ణీళ్లలో పెట్టింది. కర్రతో నెట్టింది. కదలలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

“గమ్ము.”

“అవునా? గుండ్లల్లో కొత్త రకమేమో...”

“గమ్ము గుండ్లు గూడా వచ్చినాయా అప్పా?” ఆమె మొహంలో నవ్వు లేదు. “ఒక్కదాన్నే పని సేస్తాండా. బయట మిల్లోళ్లు కాసుకొని ఉండారు. నా పనితో ఆటలాడొద్దు. ఇంగ ఈడికి రావొద్దు.”

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా దినేష్‌కు బయట ఏమీ కనిపించలేదు.

ఆదివారం గ్రౌండులో మొదటి టోర్నమెంటు. ముందురోజు పనివాళ్లు బ్యారెళ్లు కడిగి, తడి ఆరకుండానే తొడుగులు తోసేశారు. పొద్దున చూస్తే ఆరు ఇరుక్కుని ఉన్నాయి. కాలేజీ టీములు పది గంటలకు వస్తాయి. పైగా వాన. ఈ రోజు ఆట ఆగిపోతే మళ్లీ ఎవడూ అటు తొంగిచూడడు. దినేష్ రాధిక షాపు నంబరుకు ఫోను చేశాడు.

“మళ్లా గమ్మా?” అంది రాధిక.

“కాదు, ఒట్టు! ఆరు ఇరుక్కున్నాయి. ఈసారి నిజం...”

ఫోను కట్టయింది.

గంటకు వానలోంచి ఒక స్కూటరు వచ్చింది. రాధిక, వెనక సీటులో నడుముకు బెల్టు కట్టుకున్న తిక్కయ్య.

“నమ్మినావా?” అన్నాడు దినేష్.

“నేను నమ్మలే. నాయన నమ్మినాడు.”

ఆమె ఆరు గొట్టాలనూ వరసగా వాసన చూసింది. తర్వాతే చొక్కా చేతులు పైకి మడిచింది. దినేష్ నీళ్లు కాచాడు, పోశాడు, పట్టుకోమన్న చోట పట్టుకున్నాడు. పది కొట్టేసరికి ఆరో తొడుగు ఊడింది. టీములు గేటు దగ్గర గొడుగుల కింద నిలబడ్డాయి.

“కాల్చి సూడాల,” అంది రాధిక తానూ మాస్కు తగిలించుకుని, మార్కర్ ఎత్తి. “మాస్కు పెట్టుకొని ఆ అడ్డంగా పేర్చిన టైర్ల కాడికి పో.”

దినేష్ పోయాడు. టైర్ల ముందు నిలబడి వెనక్కి తిరిగాడు. “రాధికా! ఆ గమ్ము...”

“వినపడలే!”

“గమ్ము నేనే పూసినా! తప్పే!”

“ఎందుకు పూసినావు? గట్టిగా సెప్పు!”

“నిన్ను సూడాలని! నువ్వంటే నాకు ఇష్టం!”

గేటు దగ్గర ఈలలు మోగాయి. టప్‌మని గుండు వచ్చి దినేష్ ఛాతీ మీద పగిలింది. చొక్కా అంతా గులాబీ రంగు.

“ఏందిది?” అన్నాడు బిత్తరపోయి.

“అవుట్ అయినావు!” మాస్కు వెనక ఆమె కళ్లు నవ్వాయి. “ఇంగ యాడికీ తప్పించుకోలేవు.”

దినేష్ అక్కడే, వానలో, రెండు చేతులూ పైకెత్తాడు. టీములు చప్పట్లు కొట్టాయి.

షెడ్డు కింద కుర్చీలో కూర్చున్న తిక్కయ్య నడుము పట్టుకుని నవ్వి, అతన్ని దగ్గరకు పిలిచాడు.

“అబ్బీ, వచ్చే ఆదివారం మీ అమ్మానాయన్ను పిల్చుకొని ఇంటికి రా.”

“ఇంటికా?”

“ఊఁ, మాట్లాడుకుందాం,” అన్నాడు తిక్కయ్య అతని చొక్కా కేసి చూసి. “రంగు మాత్రం కడుక్కొని రా.”