వెనక నుంచి రెండు దెబ్బలు

ఊరి చివర మలుపులో ఆ పాడుబడ్డ ఇంటికి మంచి పేరు లేదు. దాని ముందు బళ్ళు ఉన్నట్టుండి ఆగిపోతాయట. ఆగిన బండి దగ్గరికి ఎవరో వస్తారట... వచ్చి ఏం చేస్తారో మాత్రం ఎవరూ చెప్పరు. డ్రైవింగ్ స్కూలు మాస్టారు ఒక్కరే చెబుతారు, అదీ తన మీద తనే నవ్వుకుంటూ.

ఆ రాత్రి మాస్టారు బస్టాండుకి బయల్దేరారు. అలిగి వాళ్ళక్క ఇంటికి వెళ్ళిన భార్య ఆఖరి బస్సులో వస్తోంది. అలక దేనికంటే, ఎక్కడ దింపినా మళ్ళీ తీసుకెళ్ళడానికి ఈయన టైముకి రారు, వచ్చి కారు స్టార్ట్ కాలేదంటారు.

"ఈసారి మీరు కనబడకపోతే... అదే బస్సులో వెనక్కి పోతాను," అంది ఫోనులో, మెల్లిగా.

ఆవిడ అరిస్తే ఫర్వాలేదు. మెల్లిగా మాట్లాడితేనే మాస్టారికి వణుకు.

సరిగ్గా ఆ ఇంటి ముందే కారు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

జబ్బు కొత్తది కాదు. ట్యాంకులోని పెట్రోలు పంపు మొరాయిస్తుంది. ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు వెనక ట్యాంకు అడుగున చెప్పుతో రెండు తగిలించాలి, అప్పుడు లేస్తుంది. బాగుచేయించడం రేపు, ఎల్లుండి అంటూ ఏడాది నెట్టుకొచ్చారు. "ఊరందరికీ కారు నేర్పే మొనగాణ్ణి మరి," అంటారు ఆయనే.

ఇప్పుడు ఆ ఇద్దరూ ఆయనే. వంగి కొట్టారు, పరిగెత్తుకొచ్చి తాళం తిప్పారు. ఊహూఁ. మళ్ళీ కొట్టారు, మళ్ళీ పరిగెత్తారు. చెప్పు తెగింది కానీ ఇంజన్ కదల్లేదు.

అంతలో వెనక నుంచి వెలుగు... బస్సు. భార్య తనని ఈ అవతారంలో చూస్తే ఇంకేమన్నా ఉందా? సీట్లో ముడుచుకుని తల స్టీరింగ్ కిందకి దూర్చేశారు. బస్సు చప్పుడు దాటిపోయింది.

తర్వాత... అడుగుల చప్పుడు. దగ్గరికొచ్చింది. కారుని చుట్టి వెనక్కి వెళ్ళింది.

మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. తల ఎత్తకుండానే చెయ్యి చాచి తాళం తిప్పారు.

ఠప్... ఠప్.

ఇంజన్ లేచింది.

ఎవరు కొట్టారని అడిగే ధైర్యం ఎవరికుంది? గేరు వేసి తొక్కారు. బండి కదిలించే ముందు అద్దం చూడాలని రోజూ పాఠం చెప్పే మనిషి, అద్దం వైపు కన్నెత్తితే ఒట్టు. వెనక ఏదో ఆడగొంతు పిలిచింది... అది పిలిచినకొద్దీ ఇంకా తొక్కారు.

స్టాండులో బస్సు ఖాళీగా ఉంది. కారు ఆపి, తాళం తీసుకుని, దిగి అంతా వెతికారు. భార్య లేదు. అసలు బస్సే ఎక్కలేదేమో... ఇక రాదేమో. మాస్టారికి నిజంగానే ఏడుపొచ్చింది.

ఫోను మోగింది.

"బస్సులోంచి మన కారు కనబడింది. జాలేసి మలుపు దాటగానే ఆపించి దిగాను," అంది భార్య, మెల్లిగా. "రోజూ కొట్టే చెయ్యేగా, రెండు తగిలించాను..."

"నువ్వా... ఇప్పుడెక్కడున్నావు?"

"మీరు వదిలేసి పోయిన చోటే. పెట్టె మీద కూచున్నాను. త్వరగా రండి."

వచ్చేస్తున్నానని మాస్టారు కారులోకి దూకి తాళం తిప్పారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. వెనక కొట్టాల్సిన మనిషేమో ఆ చీకట్లో, పెట్టె మీద.

ఇక కారుని అక్కడే వదిలేసి ఆ ఇంటివైపు పరుగు మొదలుపెట్టారు. దారిలో ఏ దెయ్యమైనా ఎదురైతే బాగుండునని దణ్ణం పెట్టుకున్నారట... ఆలస్యానికి కొత్త కారణం ఒకటైనా చెప్పొచ్చని.